ఆగు బాబాయి ఇరవై బిళ్ళలు

మా మరిది భయస్తుడు. ఇది నేను కిట్టక అనే మాట కాదు, ఈ లోయలో ఎవర్నడిగినా చెబుతారు. చెట్టు మీంచి ఒక ఆకు రాలితే తలెత్తి చూసేవాడు, వెనకే కొమ్మ కూడా వస్తుందేమోనని. వయసులో ఉండగా పెళ్ళి చేసుకోమంటే, "ఇంకో ప్రాణానికి కాపలా కాయడం నా వల్ల కాదు వదినా" అన్నాడు.

"పెళ్ళాన్ని తెచ్చుకోమన్నానయ్యా, కాపలా ఉద్యోగం చెయ్యమన్నానా?"

"రెండూ ఒకటే కదా" అన్నాడు. నవ్వకుండా అన్నాడు. అలా ముప్ఫై ఏళ్ళు మా ఇంట్లోనే తిన్నాడు, మా వరండాలోనే పడుకున్నాడు, నా నోటికి చిక్కాడు.

అందరూ ఆయన్ని ఆగు బాబాయి అనేవాళ్ళు. ఎవరెదురైనా ముందు 'ఆగు' అనేవాడు, పలకరింపు ఆ తరవాతే. సైకిళ్ళ మీద వచ్చేవాళ్ళు ఆయన గురించి నాలుగు మాటలు చెప్పమ్మా, పుస్తకంలో వేస్తాం అన్నారు. నాలుగు మాటలు నాకే మూలకి? పైగా ఆ రోజు సంగతి చెప్పకుండా ఆయన గురించి చెప్పలేను. ఆ రోజు తప్పు నాది. దాటేస్తే ఆయన పోయాక అబద్ధమాడినట్టవుతుంది.

మా ఆయనా, ఈయనా, అన్నదమ్ములిద్దరూ రైల్వే గ్యాంగులో పనిచేశారు. సుత్తి, పార, పట్టాల బోల్టులు బిగించే పొడుగు రెంచి, ఇదే బతుకు. నది పక్కన కొండను చెక్కి వేసిన ఒంటి లైను అది. ఒక చోట నాలుగు కిలోమీటర్ల మేర ఒక పక్క నిలువు గోడ, రెండో పక్క నది, మధ్యలో రైలు పట్టేంత జాగా. ఆ చోటుని అందరం ఇరుకు అంటాం. ఇరుకులో పని చేస్తుంటే రైలొచ్చిందనుకోండి, మనిషి ఎటు పోవాలి? అందుకని గోడలో గూళ్ళు చెక్కారు, మనిషి నిలబడేంతవి. కూత వినపడగానే దగ్గర్లో ఉన్న గూట్లో దూరి వీపు రాయికి ఆనించి నిలబడాలి. రైలు ముక్కుకి జానెడు దూరంలోంచి పోతుంది. మా ఆయన ఆ గూట్లో నిలబడి బీడీ కాల్చానని చెప్పుకునేవాడు. మా మరిది అసలు గూళ్ళ మాటే ఎత్తేవాడు కాదు.

తరవాత పైన ఆనకట్ట కట్టారు. కరెంటు కోసం నీళ్ళు వదిలినప్పుడల్లా ఇరుకులో పట్టాలు మునిగేవి. రైలు ఆపేశారు, పట్టాలు పీక్కుపోయారు. కంకర మాత్రం వదిలేశారు, దాన్నెవడు మోస్తాడు? పదేళ్ళు ముళ్ళు మొలిచాయి. ఆ మీదట ఎవరికి బుద్ధి పుట్టిందో, ముళ్ళు కొట్టించి, పైన సన్న కంకర పోయించి, రోలరు తిప్పి, సైకిళ్ళకు దారి అన్నారు. మోటారు బండి రాకూడదు. హారన్ లేదు, పొగ లేదు, లారీ లేదు. లావు టైర్ల సైకిళ్ళేసుకుని, తల మీద బుట్టలాంటి టోపీ బోర్లించుకుని, బిగుతు నిక్కర్లతో ఎక్కడెక్కడి నుంచో వస్తారు. కంకర మీద చక్రాలు కరకరలాడుతూ పోతాయి, కట్టెల పొయ్యి మీద మరమరాలు వేయించినట్టు. మొదటిసారి చూసినప్పుడు, "వీళ్ళకి ఇళ్ళలో పనుండదా?" అన్నాను.

"పనుండబట్టే పారిపోయి వస్తారు వదినా" అన్నాడు మరిది.

ఆయన్నే ఇరుకు పై కొసన కాపలా పెట్టారు. ఒక గది, ఒక ఫోను, దారికి అడ్డంగా ఒక గొలుసు. కింది కొసన ఇలాంటిదే ఇంకో గది, అక్కడ ఇంకో ముసలాయన. ఆనకట్ట వాళ్ళు రోజూ మధ్యాహ్నం మూడుంపావుకి నీళ్ళు వదులుతారు. మా గది దగ్గరికి నలభై నిమిషాల్లో వస్తాయి. ఇరుకులో ఛాతీ లోతు. రెండు మూడు గంటల్లో మళ్ళీ తీసేస్తాయి. చూడటానికి అంతే. కానీ ఆ రెండు గంటల్లో అక్కడ ఏనుగైనా నిలబడదు.

ఉద్యోగంలో చేరిన మొదటి రోజే ఈయన బిళ్ళలు కావాలన్నాడు. ఒంటి లైను మీద డ్రైవరు చేతికి టోకెను ఇస్తేనే బండి కదిలేదట. టోకెను ఒక్కటే ఉంటుంది గనక లైను మీద బండీ ఒక్కటే ఉంటుంది. మనుషులకీ అంతే కావాలన్నాడు. ఆఫీసువాళ్ళు నవ్వారు. ఈయనే పాత సామాన్లలో ఇత్తడి రేకు వెతికి, ఇరవై బిళ్ళలు కత్తిరించి, అంచులు ఆకురాయితో రుద్ది, మేకుతో ఒకటి నుంచి ఇరవై దాకా అంకెలు పొడిచాడు. రెండు గదుల్లోనూ గోడకు చెక్క, చెక్కకు ఇరవై మేకులు. ఇరుకులోకి పోయే ప్రతి మనిషీ ఒక బిళ్ళ తీసుకోవాలి, అవతలి గదిలో తగిలించాలి. మూడు గంటలకి రెండు గదులవాళ్ళూ లెక్క చెప్పుకుంటారు. రెండూ కలిపి ఇరవై అయితే లోపల ఎవరూ లేనట్టు. అప్పుడు ఆనకట్టకి ఫోను చేసి 'దారి ఖాళీ' అని చెప్పాలి. ఒక్కటి తగ్గినా గేట్లు లేవవు.

ఒకసారి ఒకాయన లోపల పిట్టల ఫోటోలు తీసుకుంటూ కూర్చుంటే గంటన్నర నీళ్ళు ఆపించాడు. ఆనకట్ట ఆఫీసరు ఫోనులో కేకలేశాడు. ఈయన రిసీవరు చెవికి దూరంగా పెట్టుకుని, "అరవండి బాబూ, అరిస్తే ఎవరూ మునగరు" అన్నాడు.

లెక్క కూడా కళ్ళతో పెట్టేవాడు కాదు. కళ్ళు మూసుకుని ఒక్కో బిళ్ళనూ వేళ్ళతో తడిమేవాడు, అంకె తగిలేదాకా. "గుడ్డివాడు గాజులు బేరమాడినట్టు ఏమిటయ్యా ఆ తడమడం?" అనేదాన్ని. "కళ్ళు ఉందనుకున్నదాన్నే చూస్తాయి వదినా. వేళ్ళు ఉన్నదాన్ని చూస్తాయి" అనేవాడు. ఇంకో పిచ్చి కూడా ఉండేది. ఇరుకు మధ్యలో, పెద్ద మలుపు దగ్గర, నలభై ఒకటో గూడు ఉంది. అది మిగతా వాటిలా నేల మీద కాదు, రెండు నిలువుల ఎత్తున ఉంటుంది. గ్యాంగువాళ్ళు లాంతర్లూ సామాన్లూ పెట్టుకునేవారు. ఎక్కడానికి గోడలో ఇనప మెట్లు దిగేశారు. నెలకోసారి పోయి ఆ మెట్లకు తుప్పు గీకి, రంగు వేసి వచ్చేవాడు. అంతా చేసి గూట్లోకి మాత్రం ఎక్కేవాడు కాదు. చివరి మెట్టు దాకా వెళ్ళి దిగొచ్చేవాడు.

"ఎవరెక్కుతారని దానికి సింగారం?" అని అడిగితే, "ఎవరూ ఎక్కకూడదనే" అన్నాడు. ఇలాంటి మనిషితో ఏం మాట్లాడతాం?

ఒక ఏడాది ఏడో నంబరు బిళ్ళ పోయింది. సైకిలు వాళ్ళెవరో జేబులో వేసుకుపోయారన్నాను. కాదు, నా చేతిలోనే ఉండాలి, నేనే పారేశానని ఆరు నెలలు కుమిలిపోయాడు. ఇత్తడి రేకు మిగల్లేదు. డబ్బా మూత కత్తిరించి, ఆ రేకుతో ఇంకో ఏడో నంబరు బిళ్ళ చేసి తగిలించాడు. లెక్క ఇరవైకి సరిపోయింది గానీ ఆయనకి మనసు సరిపోలేదు. ఆ రేకు ముక్క చేతికి తగిలినప్పుడల్లా మొహం ముడుచుకునేవాడు.

ఇప్పుడు మా కోడలి సంగతి. మా వాడు లారీ మీద ఊళ్ళు తిరుగుతాడు, నెలకి నాలుగు రోజులు ఇంట్లో ఉంటాడు. కోడలు కింది ఊళ్ళో ఆస్పత్రిలో నర్సు. పొద్దున్నే సైకిలెక్కి ఇరుకులోంచి వెళ్తుంది, సాయంత్రం నీళ్ళు తీశాక అదే దారిన ఆరింటికో ఆరున్నరకో వస్తుంది. నాకూ ఆమెకూ మాటలు తక్కువ, చూపులు ఎక్కువ. ఆమె నోరు చిన్నదేమీ కాదు. నా నోరు సంగతి మీరు వింటూనే ఉన్నారు.

ఆ రోజు మరిదికి జ్వరం. ఒళ్ళు పెనంలా కాలుతోంది. గదిలోనే ఒక మూల మంచం మీద పడుకున్నాడు, ఇంటికి రమ్మంటే రాడు. పొద్దున్నే నేను కషాయం కాచి తెస్తే కోడలు గ్లాసు వాసన చూసింది.

"ఇది తాగిస్తే జ్వరంతో పాటు చిన్నమావయ్య కూడా పోతారు అత్తయ్యా. నేను మందు తెస్తాను, అప్పటిదాకా నీళ్ళు పట్టండి చాలు."

"నువ్వు పుట్టకముందు నుంచీ ఈయన జ్వరాలు దించాను. నువ్వు తేకపోతే కొంప కూలదులే, వెళ్ళు."

"మీ కోసం కాదులెండి, ఆయన కోసం తెస్తాను" అని గొలుసు దాటి పోయింది. ఎర్ర సైకిలు. కంకర మీద ఆ కరకర గది ముందు మలుపు దాకా వినపడింది. నేను ఆమె వైపు చూడను కూడా లేదు.

మధ్యాహ్నం ఆయనకి చలి ఎక్కువైంది. గోడకున్న పాత గ్యాంగు కోటు తీశాను, కప్పుదామని. లోపలి గుడ్డ చిరిగి వేలాడుతోంది. సరే, ఒక కుట్టు వేద్దామని ఒళ్ళో పరిస్తే అస్తరు మూలలో ఏదో గట్టిగా తగిలింది. వేలు పెట్టి లాగితే ఇత్తడి బిళ్ళ. ఏడో నంబరు. జేబు చిల్లులోంచి జారి అస్తరులో పడి అన్నాళ్ళూ ఆయన వీపు మీదే తిరిగింది. నాకెంత సంతోషం వేసిందో చెప్పలేను. నిద్ర లేచాక చూసుకుంటాడు, జ్వరం దానికదే దిగుతుంది అనుకున్నాను. చీర చెంగుతో తుడిచి, చెక్క మీద ఏడో మేకు ఖాళీగా ఉంటే అక్కడ తగిలించాను. మిలమిలలాడింది.

మూడయింది. లేపబోతే కళ్ళు తెరవలేదు గానీ, "తడిమి చూడు వదినా" అని గొణిగాడు.

"నాకు లెక్కలు నేర్పకు. పడుకో" అన్నాను.

నేను రెండో తరగతే. అయినా ఇరవై దాకా లెక్కపెట్టడానికి రెండో తరగతి చాలు. మా చెక్క మీద పన్నెండు. కింది గది ముసలాయన ఫోనులో, "ఇక్కడ ఎనిమిది అక్కయ్యా" అన్నాడు. పన్నెండూ ఎనిమిదీ ఇరవై. పోయింది దొరికింది, ఇరవై నిండింది అనుకున్నానే గానీ, దాని చోట రేకుది అప్పటికే ఉందన్నది నా బుర్రలోకి రాలేదు. ఇత్తడిది కలిస్తే ఇరవై ఒకటి అవ్వాలి. ఇరవయ్యే అయిందంటే ఒకటి లోపల ఉందని. ఇప్పుడు పసిపిల్ల అడిగినా చెబుతాను. అప్పుడు మాత్రం ఆనకట్టకి ఫోను చేసి, "దారి ఖాళీ బాబూ" అన్నాను. గొంతు సవరించుకుని మరీ, ఆఫీసరులాగా.

మూడుంపావు దాటి ఇంకో పది నిమిషాలకి ఆయన లేచాడు. గోడ పట్టుకుని చెక్క దగ్గరికి వచ్చాడు, అలవాటు. కళ్ళు మూసుకుని తడమడం మొదలుపెట్టాడు. నేను టీ కలుపుతూ ఓరకంట చూస్తున్నాను, ఎప్పుడు తగులుతుందా అని. ఏడో మేకు దగ్గర చెయ్యి ఆగిపోయింది.

"ఇదెక్కడిది?"

"నీ కోటులోనే ఉందయ్యా మహానుభావా. చంకలో పిల్లని పెట్టుకుని..."

"రేకుది ఏదీ?"

నేను చెక్క వైపు చూశాను. కింది చెక్క మీద ఉండి ఉంటుంది అనబోయాను. ఆయన అప్పటికే ఫోను తిప్పుతున్నాడు.

"నీ దగ్గర రేకు బిళ్ళ ఉందా? తడిమి చెప్పు. ఆగు, తొందరపడకు, తడిమి చెప్పు."

అవతల ముసలాయన గొంతు గదంతా వినపడింది. "రేకుది లేదన్నా. అది మీ కోడలు పట్టుకెళ్ళింది కదా. రెండింటికి లోపలికొచ్చింది, మీకేదో మందు తెస్తున్నానని. రాలేదా ఏం?"

నా పై ప్రాణాలు పైనే పోయాయి. మామూలుగా నాలుగు కిలోమీటర్లు అరగంట దారి. రెండింటికి బయలుదేరిన మనిషి మూడున్నరకి రాలేదంటే లోపల ఏదో అయింది. ఇరుకులో సెల్‌ఫోను పలకదు. ఆనకట్ట సైరను వినపడదు, కొండ అడ్డం. అన్నిటికన్నా పెద్ద దెబ్బ ఏమిటంటే, ఆమెకి భయం ఉండదు. బిళ్ళ తన దగ్గరున్నంతసేపూ గేట్లు లేవవని ఆమెకి తెలుసు. ఎంత ఆలస్యమైనా తీరిగ్గా వస్తుంది. ఆ ధైర్యాన్నే నేను తుడిచి, మెరిపించి, మేకుకి తగిలించాను.

ఆనకట్టకి చేశాడు. గేట్లు దించుతామన్నారు. "కానీ వదిలిన నీళ్ళని వెనక్కి పిలవలేం" అన్నాడు ఆ ఆఫీసరు. ఈసారి అరవలేదు. అరిచుంటే బాగుండేది.

మరిది గోడ గడియారం చూశాడు. సైకిలు తీశాడు. కోటు వేసుకోలేదు, చెప్పులు వేసుకోలేదు. వణుకుతున్నాడు. జ్వరానికో దేనికో నాకు తెలీదు. నేను హ్యాండిలు పట్టుకున్నాను.

"ఆగవయ్యా. నిలబడలేకపోతున్నావు, ఎట్లా తొక్కుతావు?"

ఆయన నా మొహంలోకి చూశాడు. "జీవితంలో మొదటిసారి నువ్వు ఆగమంటున్నావు వదినా" అన్నాడు. హ్యాండిలు మీది నా వేళ్ళు ఒక్కొక్కటే తీశాడు. తడిమినట్టే. గొలుసు కింద దూరి ఎక్కి పోయాడు. కరకర, కరకర, మలుపు, అంతే.

గొలుసు దగ్గర నిలబడ్డాను. సన్న కంకర మీద ఆయన చక్రం గీత ఒక్కటే ఉంది. వంకరటింకరగా, జ్వరం మనిషి తొక్కిన గీత. మొదట చల్లగాలి వచ్చింది, ఎండ అలాగే ఉన్నా. పిట్టలు ఒక్కసారిగా లేచాయి. ఆ తరవాత చప్పుడు. నీళ్ళ చప్పుడు కాదు, రాళ్ళది. గోతాంలో కొబ్బరికాయలు దొర్లించినట్టు అడుగున ఎక్కడో. నేను సినిమాల్లోలా గోడంత అల వస్తుందనుకున్నాను. అలా రాలేదు. నురగా, పుల్లలూ ముందు తోసుకుంటూ పిల్లిలా వచ్చింది. దారి మీదికి ఒక గోధుమరంగు నాలుక చాచింది. చక్రం గీత దగ్గర కాసేపు ఆగినట్టే ఆగి, నా కళ్ళముందే దాన్ని మెల్లగా నాకేసింది. గీత మొదలు పోయింది, తరవాత మధ్య పోయింది, తరవాత మలుపు దాకా నీళ్ళే.

మనుషుల మీద ఎన్ని మాటలు విసిరానో ఈ జన్మలో. ఆ పూట ఒక్క మాట రాలేదు. పొద్దున అన్న మాట ఒక్కటే లోపల తిరిగింది. నువ్వు తేకపోతే కొంప కూలదులే.

కింది గదికి ఫోను చేశాను. రాలేదన్నాడు. పది నిమిషాలకి మళ్ళీ చేశాను. రాలేదన్నాడు. నాలుగోసారికి, "అక్కయ్యా, వస్తే నేనే చేస్తాను, నువ్వు చేస్తుంటే నేను బయటికెళ్ళి చూడలేకపోతున్నాను" అన్నాడు. సరేనని పెట్టేశాను. పెట్టాక ఫోను వైపు చూస్తూ కూర్చున్నాను. అదేదో పడగ విప్పుకుని కూర్చున్నట్టుంది. మోగకపోతే భయం, మోగితే ఇంకా భయం.

అయిదు కావస్తుండగా మోగింది.

"అక్కయ్యా, ఒక సైకిలు కొట్టుకొచ్చింది."

"ఏ రంగు?"

"ఎర్రది."

"మనిషి?"

"మనిషి లేదు. చూస్తూనే ఉన్నాను. మనిషి లేదు."

మనిషి లేదంటే బతికినట్టా, ఇంకా కొట్టుకురానట్టా? అడగలేదు. అడిగితే ఆయనేదో ఒకటి చెప్పాలి కదా. రిసీవరు పెట్టేసి చెక్క ముందు నేల మీద కూర్చున్నాను. ఇత్తడి ఏడు మిలమిలలాడుతూనే ఉంది. దాన్ని పీకి నదిలో విసరాలనిపించింది. చెయ్యి వేయడానికి భయం వేసింది. నేను చెయ్యి వేస్తే ఇంకేం జరుగుతుందోనని.

ఆరు దాటింది. నీళ్ళు తీస్తున్నాయి. ముందు మలుపు దగ్గర కంకర బయటపడింది, నల్లగా తడిసి. ఎండ ఇంకా కొండ మీదుంది. అప్పుడు వినపడింది. సైకిలు కరకర కాదు, అడుగుల చప్పుడు. లెక్కపెట్టాను, కళ్ళు మూసుకుని. రెండు కాళ్ళవా, నాలుగు కాళ్ళవా? తేల్చుకోలేకపోయాను. కళ్ళు తెరవడానికీ ధైర్యం చాల్లేదు.

"అత్తయ్యా, మంచం సర్దండి. ఈయన్ని పడుకోబెట్టాలి" అంది కోడలు.

కళ్ళు తెరిచాను. ఆయన ఆమె భుజం మీద వాలి ఉన్నాడు, మోకాళ్ళ దాకా బురద, పెదాలు నీలం. సైకిళ్ళు లేవు. మందు పొట్లం మాత్రం ఆమె మెళ్ళో సంచీలో పొడిగా ఉంది. ఆయన మంచం దగ్గరికి పోలేదు. ముందు చెక్క దగ్గరికి వెళ్ళాడు. కోడలు జేబులోంచి రేకు బిళ్ళ తీసిచ్చింది. ఏడో మేకు ఖాళీగా లేదు కదా. ఇత్తడిది తీసి, రేకుది తగిలించి, ఇత్తడిది నా చేతిలో పెట్టాడు.

"దొరికింది కదా వదినా. నీ దగ్గరుంచు" అన్నాడు. దెప్పలేదు. దెప్పితే తట్టుకునేదాన్ని.

తరవాత కోడలు చెప్పింది. మధ్యలో ఉన్న పెద్ద మలుపు దాటకముందే ట్యూబు పంక్చరైందట. దారి పక్క కూర్చుని ప్యాచీ వేసిందట. బంక ఆరేదాకా బిస్కెట్లు తిందట. ఎక్కి నాలుగు తొక్కులు తొక్కేసరికి ప్యాచీ ఊడింది. సరేలే, తొందరేముంది, నడిపించుకుపోదామనుకుందట. ఏదో పాట కూడా పాడుకుందట. ఎదురుగా ఈయన చెప్పుల్లేకుండా, ఊపిరాడకుండా వస్తుంటే నవ్వొచ్చిందట.

"ఆగండి చిన్నమావయ్యా, నేనే వస్తున్నాను కదా అన్నాను. ఆయన 'ఆగకు' అన్నారు అత్తయ్యా. అప్పుడు తెలిసింది నాకు. ఆయన నోట ఆ మాట ఎప్పుడన్నా విన్నామా?"

సైకిళ్ళు వదిలేసి నలభై ఒకటో గూటికి పరిగెత్తారు. మెట్లు రంగు వేసి, గట్టిగా ఉన్నాయి. ఆమెను ముందు ఎక్కించాడు. చివరి మెట్టు మీద ఈయన ఆగిపోయాడు. నీళ్ళు మూడో మెట్టుకొచ్చాయి, నాలుగో మెట్టుకొచ్చాయి, లోపలికి రాడు. "రండి మావయ్యా" అంటే తల అడ్డంగా ఊపుతాడు. చివరికి ఆమె చొక్కా పట్టుకుని లోపలికి లాగింది. ఇద్దరూ గోడకి వీపులు ఆనించి రెండు గంటలు నిలబడ్డారు. కాళ్ళ కింద నది పోతోంది. అప్పుడు చెప్పాడట ఆమెకి, ముప్ఫై ఏళ్ళు నాకు చెప్పనిది.

పంతొమ్మిదేళ్ళ వయసులో ఇలాంటి గూట్లోనే ఇంకో కుర్రాడితో నిలబడ్డాడట, రైలొస్తోందని. ఆ కుర్రాడి టిఫిన్ క్యారేజీ పట్టాల మీద ఉండిపోయింది. అది తీసుకొస్తానని అడుగు బయటపెట్టాడు. "ఆగు అనాలి. నాలిక మీదుంది మాట. భయానికి గొంతులోంచి రాలేదమ్మాయ్" అన్నాడట. "అప్పట్నుంచి ముందుగానే అనేస్తున్నాను. అవసరమున్నా, లేకపోయినా."

కోడలు చెబుతుంటే నేను అటు తిరిగి అంట్లు తోముతున్నాను. తోమిన గిన్నే మళ్ళీ తోమాను. ఆమె చూసింది. దగ్గరికొచ్చి కడిగినవి తుడిచి పెట్టింది. మా మధ్య అప్పటికీ ఇప్పటికీ మాటలు తక్కువే.

ఆయన ఆ తరవాత రెండేళ్ళు బతికాడు. మంచం మీదే, నిద్రలో పోయాడు. ఏ రైలూ, ఏ నీళ్ళూ ఆయన్ని ముట్టుకోలేదు. పై గది నాకిచ్చారు. పెద్దదానివి, ఎందుకమ్మా అన్నారు గానీ కోడలు పట్టుబట్టి ఇప్పించింది. "మీకు భయం పట్టుకుంది అత్తయ్యా, ఆ ఉద్యోగానికి అదే చదువు" అంది. కొత్త సైకిలు కొనుక్కుంది, పచ్చది. అదే దారిన వెళ్తుంది, వస్తుంది. ఆమె బిళ్ళ తీసుకున్నప్పటి నుంచి కింది గదివాడు చేరిందని చెప్పేదాకా నా చెవిలో ఆ రాళ్ళు దొర్లుతూనే ఉంటాయి. ఆ చప్పుడు ఇంక పోదు.

ఇత్తడి ఏడు నా తాళాల గుత్తిలో ఉంది. చెక్క దగ్గరికి వెళ్ళేముందు గుత్తి తీసి గుమ్మం బయట పెట్టి వెళ్తాను, పొరపాటున కూడా దగ్గరికి రాకూడదని. కళ్ళు మూసుకుని తడుముతాను. ఒకటి, రెండు, మూడు. రేకు ఏడు వేలికి గీరుకుంటుంది, అంచు ఇంకా నున్నబడలేదు. అయ్యాక మళ్ళీ మొదట్నుంచి.

మూడింటికి ఫోను చేసి ఇంకా చూస్తున్నానంటాను, మూడుంపావుకి ఆనకట్ట నుంచే మళ్ళీ ఫోనొస్తుంది. ఇప్పుడు కొత్త ఆఫీసరు, చిన్నవాడు.

"ఖాళీయేనా పెద్దమ్మా?"

"ఆగు బాబూ. ఇంకొక్కసారి చూసొస్తాను."

"ఇందాకే రెండుసార్లు చూశానన్నారు కదండీ."

"నువ్వు కుర్చీలోనే కూర్చున్నావు కదా, కాళ్ళు నొప్పెడుతున్నాయా ఏం? ఆగు" అని రిసీవరు బల్ల మీద పెట్టి చెక్క దగ్గరికి వెళ్తాను.